అడిగేదాకా

పార్కులో ఇసుక తొట్టి పక్కన పొడవాటి బెంచీ ఒకటి ఉంది. పొద్దున పదింటి నుంచి పన్నెండింటి దాకా అది ఆయాలది. వాళ్ళకెవరూ రాసివ్వలేదు, బోర్డూ పెట్టలేదు. అయినా ఆ వేళకి పేపరు చదువుకునే పెద్దమనుషులు కూడా లేచి వేరే చోటు చూసుకుంటారు. లేవనివాళ్ళను లేపడం పెద్దక్కకు తెలుసు. పక్కనే కూర్చుని బుడ్డోడి డైపర్ మార్చడం మొదలుపెడుతుంది, అంతే.

పెద్దక్క అంటే ఆ బెంచీ మీద అందరికన్నా పెద్ద ఆయా. ముప్ఫై ఏళ్ళుగా ఇంకొకరి పిల్లల్ని పెంచుతోంది. చేతిలో ఉన్న బుడ్డోడు పదకొండోవాడు. వాడికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు బారెడు ఉంది, రోజూ అంత పేరు పిలిచే ఓపిక ఎవరికుంటుంది? మూడో నెలలో చేతికొచ్చిన నాటి నుంచీ పెద్దక్కకు వాడు బుడ్డోడే. రెండేళ్ళు నిండి రెండు నెలలైంది. నడుస్తాడు, పరిగెడతాడు, జారుడుబల్ల కింది నుంచి పైకి ఎక్కుతాడు. మాట మాత్రం రాలేదు. వేలు చూపిస్తాడు, ఊఁ అంటాడు. ఆ ఊఁ అనే లోపలే పెద్దక్క చేతికి అందిస్తుంది.

పెద్దక్కకు కుడివైపు గొడుగామె కూర్చుంటుంది. ఎండా వానా లేని రోజున కూడా గొడుగు తెస్తుంది కాబట్టి గొడుగామె. ఎడమవైపు కవలలామె. ఆమె పెంచేది ఇద్దరు మగ కవలల్ని, అందుకని ఆమె మాట ఎప్పుడూ సగంలో ఆగిపోయి, ఒకణ్ణి పట్టుకొచ్చాక మళ్ళీ మొదలవుతుంది. గొడుగామె దగ్గర టీ ఫ్లాస్కు ఉంటుంది. పదిన్నర కాగానే పెద్దక్క అటు తిరక్కుండానే చెయ్యి చాపి, "తేవే" అంటుంది. ఫ్లాస్కు వస్తుంది. ఇది రోజూ జరిగేదే.

ఆ బెంచీకి ఒక పద్ధతి ఉంది. బాత్రూం ఎక్కడో అవతలి గేటు దగ్గర. దారిలో మూడు మెట్లు, స్ట్రాలర్ ఎక్కదు. లోపల నేల ఎప్పుడూ తడి, పిల్లను దింపలేం. అందుకని వెళ్ళాల్సినావిడ పక్కావిడతో, "మా వాణ్ణి ఓ కంట చూడు" అని చెప్పి వెళ్తుంది. కొత్తగా వచ్చిన ఆయా తనంతట తాను అలా అడగదు. ముందుగా పాత ఆయా ఒకతె తన బిడ్డను కొత్తామెకి అప్పజెప్పి రెండు నిమిషాలు పోయి రావాలి. అలా అప్పజెప్పిన రోజున ఆ కొత్తామె బెంచీ మనిషి అయినట్టు.

కాలేజీకి ఆ రోజు పదమూడు నెలలైనా రాలేదు.

కాలేజీ అన్నది పెద్దక్క పెట్టిన పేరే. పాతికేళ్ళ పిల్ల, ఏడాదిన్నర పాపాయిని పెంచుతోంది. వచ్చిన మొదటిరోజు గొడుగామె ఊరికే ఉండక, "ఎంత దాకా చదివావమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల దాచుకోకుండా చెప్పింది. పిల్లల పెంపకం మీదే డిగ్రీ చేసిందట, ఆ పైన రెండేళ్ళ ట్రైనింగట. పెద్దక్క వెంటనే లెక్క కట్టింది. "నాది రెండో తరగతి. గొడుగామెది అయిదు. కవలలామె పది తప్పింది, పోనీ పది వేసుకుందాం. ముగ్గురి చదువూ కలిపితే పదిహేడేళ్ళు. ఈ కాలేజీ పిల్లది ఒక్కదానిదే పదిహేడు. ఇంక మనతో ఏం మాట్లాడుతుందే."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వబోయి, అది తనను కలుపుకునే నవ్వో కాదో తేల్చుకోలేక ఆగిపోయింది. మర్నాటి నుంచి కుళాయి పక్కన ఉన్న చిన్న సిమెంటు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ వారంలోనే రెండుసార్లు టీ ఇవ్వబోతే, "వద్దండి, థాంక్స్" అంది. "మన టీ తాగితే చదువు కరిగిపోతుందేమో" అంది గొడుగామె. ఇక ఎవరూ అడగలేదు.

అలా జరిగిపోతుండగా ఒక సోమవారం బుడ్డోడి వాళ్ళమ్మ ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి పెద్దక్కను పిలిచింది. మంచి మనిషి, గట్టిగా మాట్లాడదు. గట్టిగా మాట్లాడనివాళ్ళు చెప్పే మాటకు ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

"వచ్చే వారం గురువారం వీడిని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను, మాటల కోసం. నిన్న లిఫ్టులో పాపాయి వాళ్ళు కలిశారు. వీడికన్నా ఎనిమిది నెలలు చిన్నది, 'పైకి పోదాం' అంటోంది. వాళ్ళ ఆయా బాగా చదువుకున్న అమ్మాయట."

"అవునండి. పార్కుకు వస్తుంది."

"ఈ కార్డు ఆ అమ్మాయికి ఇవ్వు. నా నంబరుంది, ఒకసారి మాట్లాడమను. నువ్వేం భయపడకు, నిన్ను ఎక్కడికీ పంపను. వంటింట్లో సాయంగా ఉందువుగాని. వీణ్ణి మాత్రం నేర్పేవాళ్ళ చేతిలో పెట్టాలి కదా."

పెద్దక్క సరేనంది. కార్డు తీసుకుని పిల్లాడి సంచి పక్క అరలో, డైపర్ల వెనక పెట్టింది. పోస్టు తెచ్చినవాడికి ఉత్తరంలో ఏముందో తెలియదు. పెద్దక్కకు తెలుసు. వంటింట్లో సాయమంటే, వాడు నిద్రలేచి ఏడిస్తే ఉల్లిపాయలు తరుగుతూ వినడం. వాడి కాళ్ళు ఎప్పుడు చల్లబడతాయో, ఏ చెవి పట్టుకుంటే నిద్ర వచ్చినట్టో తెలిసి ఉండి కూడా, ఆ గదిలోకి పోకుండా ఉండడం.

సోమవారం కార్డు ఇవ్వలేదు. మంగళవారం సంచిలో చెయ్యి పెట్టి, తడిగుడ్డ తీసి బుడ్డోడి మూతి తుడిచింది. బుధవారం వానపడేట్టుందని ముందే ఇంటికి వచ్చేసింది. వాన పడలేదు.

గురువారం పొద్దున ఇక తప్పదనుకుని, బుడ్డోణ్ణి చంకన వేసుకుని సంచితో సహా కుళాయి పక్కకి నడిచింది. దగ్గరికి వెళ్ళేసరికి మొదట కనిపించింది ఆ పిల్ల గులాబీ రంగు సీసా. మూత దాకా నీళ్ళు. ఆయా కన్ను ఎదుటి పిల్ల ఎన్ని గుక్కలు తాగిందో లెక్కపెట్టే కన్ను కదా, పెద్దక్కకు అప్పుడు తట్టింది. ఈ పదమూడు నెలల్లో ఆ సీసా ఎప్పుడు చూసినా నిండుగా వచ్చి నిండుగానే పోతోంది. పక్కనే కుళాయి ఉన్నా ఆ పిల్ల దాన్ని తిప్పడం ఒక్కసారీ చూడలేదు. ఆ తర్వాత కనిపించినవి ఆ పిల్ల కాళ్ళు. ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి, మోకాలు ఆడిస్తూ, పెదవులు బిగించి కూర్చుంది.

"వెళ్ళాలా?" అంది పెద్దక్క.

"ఎక్కడికండి?"

"ఎక్కడికేంటి. పదిమందికి డైపర్ మాన్పించాను, ఆ కాళ్ళ సంగతి నాకు తెలీదా? పో. పాపాయిని నేను చూస్తా."

"వద్దండి. ఎవరి చేతికీ ఇవ్వద్దని మేడం చెప్పారు."

"నేను ఎవరో ఏంటి, పెద్దక్కని. మెట్లు మూడూ జాగ్రత్త. పో."

ఆ పిల్ల ఒక్క క్షణం పాపాయి వంకా, పెద్దక్క వంకా చూసి, పరుగెత్తింది. తిరిగొచ్చాక మొదట పాపాయిని ఎత్తుకుని తల నుంచి కాళ్ళ దాకా చూసుకుంది. తర్వాత సీసా మూత తీసి గటగటా తాగడం మొదలుపెట్టింది. సగం అయ్యాక ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ తాగింది.

"ఇంత దాహం పెట్టుకుని నీళ్ళు తాగవేంటే పిల్లా?"

"తాగితే వెళ్ళాలి కదండీ. వెళ్తే పాపని ఎవరికిస్తాను?"

పెద్దక్క బుడ్డోణ్ణి కిందికి దింపింది. "అందుకేనా టీ కూడా వద్దన్నావు?"

"అవునండి. పొద్దున ఒక గ్లాసు తాగి వస్తాను. మళ్ళీ ఇంటికెళ్ళి పాప పడుకున్నాకే."

"మమ్మల్ని అడిగితే మేం కొరుకుతామా?"

"మీలో ఒకరు ముందు నన్ను అడగాలి కదండీ. చూస్తూనే ఉన్నాను. ఎవరూ అడగలేదు." ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ఎంత టైమైందో చెప్పినట్టు చెప్పింది.

పద్ధతి తెలిసిన పిల్ల. తెలిసి, పదమూడు నెలలు నీళ్ళు మానుకుని కూర్చుంది. సిమెంటు బల్ల మీద ఇద్దరికి చోటు లేకపోయినా పెద్దక్క ఎలాగో సర్దుకుని పక్కన కూలబడింది.

"ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడతావా?"

"నిన్నంతా పెద్దవాళ్ళతో నాలుగు మాటలండి. వచ్చాను, తింది, పడుకుంది, వెళ్తాను." వేళ్ళు మడిచి చూపించింది. "వంటామె నాకు ప్లేటు విడిగా పెడుతుంది, చదువుకున్నదాన్నని. సారూ మేడమూ టేబుల్ దగ్గర కూర్చోమనరు, పనిచేసేదాన్నని. కిటికీ దగ్గర నిలబడి తింటాను. అక్కణ్ణుంచి పార్కు బాగా కనిపిస్తుందండి."

"నీతో చదువుకున్నవాళ్ళు?"

"స్కూల్లో పనిచేస్తున్నానని చెప్పాను వాళ్ళకి. పెళ్ళిళ్ళకి పిలుస్తారు. వెళ్తే ఏ స్కూలని అడుగుతారని వెళ్ళను." కాస్త నవ్వి, గొంతు తగ్గించి, "ఒకటి అడగనా? పాప ఈ నాలుగు రోజుల్నించీ కొరుకుతోంది. పుస్తకంలో ఉన్నవన్నీ చేశాను. ట్రైనింగులో మాకు రబ్బరు బొమ్మనిచ్చి నేర్పారు. అది కొరకదు కదండీ."

పెద్దక్క పాపాయి నోట్లో వేలు పెట్టి చూసింది, ఒక కాటు కూడా తింది. "దవడ పళ్ళు వస్తున్నాయి. శుభ్రమైన గుడ్డ తడిపి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక నమలనివ్వు. నిన్ను కొరకడం మానేస్తుంది. దీనికి డిగ్రీ కావాలా?"

ఆ పిల్ల నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకుంది. తను చెప్పినదాన్ని ఒకరు రాసుకోవడం పెద్దక్క తన జన్మలో చూడలేదు. ఇక ఆగలేకపోయింది. సంచి అరలోంచి కార్డు తీసి చేతిలో పెట్టింది.

"ఇది నీది. సోమవారం ఇవ్వమన్నారు. ఇవ్వలేదు. వీడికి మాట రావడం లేదని, నిన్ను రమ్మంటున్నారు. మంచివాళ్ళు. టేబుల్ దగ్గర కూర్చోబెడతారో లేదో తెలీదు గానీ, గొంతెత్తరు."

"మరి మీరు?"

"నాకు వంటిల్లు ఉందిలే." ఈ మాట అనేటప్పుడు పెద్దక్క బుడ్డోడి చొక్కా గుండీ పెట్టింది. అది పెట్టే ఉంది. విప్పి మళ్ళీ పెట్టింది.

ఆ పిల్ల కార్డు చదివి నోట్‌బుక్కులో పెట్టుకుంది. పేజీలు వెనక్కి తిప్పింది. "కోప్పడకండి. ఇక్కడ కూర్చుని చూడ్డం తప్ప నాకేం పనుంది? మొన్న మంగళవారం ఒక గంటలో బుడ్డోడు పందొమ్మిదిసార్లు వేలు చూపించాడు. పందొమ్మిదిసార్లూ మీరిచ్చారు. ఇంకో ఆరుసార్లు వాడు చూపించకముందే ఇచ్చారు."

"ఇవ్వకపోతే ఏడవడూ?"

"ఏడుస్తాడండి. వాడికి వినపడుతుంది, అర్థమవుతుంది, మీరు బూట్లు తెమ్మంటే తెస్తాడు. డాక్టరుకు చూపించడం మంచిదే. కానీ మీరుండగా వాడికి మాటతో అవసరమేముంది? అడిగేదాకా ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి."

పెద్దక్కకు చెంప మీద కొట్టినట్టయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె గొప్ప అదే. బిడ్డ నోరు తెరవకముందే వాడికేం కావాలో కనిపెట్టడం. ఆ గొప్పే వాడి నోటికి అడ్డం వచ్చిందంటోంది ఈ పిల్ల. కోపం వచ్చింది. లేచి నాలుగడుగులు వేసింది. బుడ్డోడు వెనక నుంచి కుళాయి వైపు వేలు చూపించి ఊఁ అన్నాడు. పెద్దక్క చెయ్యి దానంతటదే కుళాయి మీదికి పోయింది. పోయిన చేతిని చూసుకుంది. మెల్లగా వెనక్కి తీసుకుంది.

"పద. బెంచీ దగ్గరికి రా" అంది కాలేజీతో. "పది లెక్కపెట్టడం నాకు వచ్చు. ఆగడమే రాదు. పక్కనుండి చెప్పు."

కాలేజీ వచ్చింది. కార్డు మాత్రం నోట్‌బుక్కులోనే ఉండిపోయింది. దాన్ని ఏం చేస్తావని అడగడానికి పెద్దక్కకు నోరు రాలేదు.

ఆ తర్వాతి రోజులు బెంచీ మీద ఎవరూ మర్చిపోరు. బుడ్డోడు అరటిపండు చూపిస్తాడు. పెద్దక్క రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటుంది. "ఏం కావాలి నాన్నా? పండా? పండు అను" అంటుంది. వాడు ఊఁ అంటాడు. ఇంతకాలం చక్కగా పనిచేసిన మనిషి ఇప్పుడెందుకు పాడైందో వాడికి అంతుపట్టదు. ఇసుకలో పడి దొర్లుతాడు. పెద్దక్క ఆరు, ఏడు అంటూ కళ్ళు మూసుకుంటుంది.

"ఆ కాలేజీ మాట పట్టుకుని పసివాణ్ణి ఏడిపించుకు తింటున్నావు" అని గొడుగామె సాధించింది. అయినా గొడుగు మాత్రం కాలేజీ మీదికి కూడా ఎండ తగలకుండా జరిపింది. కవలలామె శుక్రవారం తన ఇద్దరిలో ఒకణ్ణి కాలేజీ ఒళ్ళో పెట్టి బాత్రూంకి పోయింది. "ఒకణ్ణే ఇస్తున్నా. చూసి, బాగుంటే రెండోవాణ్ణి సోమవారం ఇస్తా" అంది. పాపాయి కొరకడం మానేసింది. బుడ్డోడు మాత్రం శనివారానికీ, సోమవారానికీ, మంగళవారానికీ నోరు విప్పలేదు.

బుధవారం పదకొండింటికి బుడ్డోడి బంతి దొర్లుకుంటూ బెంచీ కిందికి పోయింది. వాడు వచ్చి వేలు చూపించాడు. పెద్దక్క చేతుల మీద కూర్చుంది. వాడు కాలితో నేలను తన్నాడు, ఏడుపు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే బుడ్డోడి వాళ్ళమ్మ పార్కు గేటులోంచి వచ్చింది. కార్డు ఇచ్చి పదిరోజులైనా ఫోను రాలేదని, సగం రోజు సెలవు పెట్టి తనే వచ్చింది. వచ్చేసరికి ఆమె కంట పడింది ఇది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఆయా కదలకుండా కూర్చుంది.

"ఏంటిది? వాడు అంత ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

పెద్దక్క లేవబోయింది. కాలేజీ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. బుడ్డోడి వాళ్ళమ్మ తనే వంగి బంతి తీసింది. వాడికివ్వబోతుంటే కాలేజీ, "ఒక్క నిమిషం మేడం, ఇవ్వకండి. వాడి ముఖం చూస్తూ పది లెక్కపెట్టండి" అంది. అన్న తీరు ఎలాంటిదో గానీ ఆమె చేతిలో బంతితో అలాగే ఆగిపోయింది.

బుడ్డోడు అమ్మను చూశాడు. బంతిని చూశాడు. పెద్దక్క వైపు తిరిగాడు. అక్కడ చేతులు కనిపించలేదు. ఎవరూ తనకేమీ ఇవ్వరని వాడికి తేలిపోయింది. ఏడుపు ఆపి, ముక్కు ఎగబీల్చి, అటు తిరక్కుండానే ఒక చెయ్యి చాపి, "తేవే" అన్నాడు వాళ్ళమ్మతో.

వాళ్ళమ్మ బంతి ఇచ్చేసి, ఆఫీసు బట్టలతోనే ఇసుక తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏమన్నాడు?"

"తేవే అన్నాడండి, మిమ్మల్ని" అంది గొడుగామె, నవ్వు ఆపుకోలేక.

పెద్దక్కకు నవ్వు రాలేదు. మాట రాకపోతే ఒక బాధ, వచ్చిందేమో ఇలాంటి మాట. "నా నోటిదేనండి అది. రోజూ ఫ్లాస్కు కోసం నేనే అంటాను. తప్పు నాదే. వాడికి మర్యాద తెలీదు, నేను నేర్పలేదు."

వాళ్ళమ్మ ఆ మాట వినలేదు. బుడ్డోడి చేతిలోంచి బంతి మెల్లగా లాగి వీపు వెనక దాచింది. "ఏమన్నావు నాన్నా?"

"తేవే" అన్నాడు వాడు, ఈసారి కాస్త విసుగ్గా.

ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. "అచ్చం నీ గొంతే" అంది పెద్దక్కతో. తర్వాత కాలేజీ వైపు తిరిగింది. "నా కార్డు అందలేదా?"

"అందింది మేడం." కాలేజీ నోట్‌బుక్కులోంచి కార్డు తీసి ఆమెకిచ్చింది. "నేను ఆగమని చెప్పానంతే. ఆగడానికి ముందు, వాడికేం కావాలో తెలిసి ఉండాలి కదా. అది ఆవిడకి తెలుసు. నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. పాప పళ్ళ సంగతి కూడా ఆవిడే చెప్పారు. మీ బాబు ఆవిడ దగ్గరే ఉండాలి మేడం."

బుడ్డోడి వాళ్ళమ్మ కార్డును బ్యాగులో పడేసుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. పెద్దక్కకు ఆ చాలాసేపూ పదుల లెక్కన నడిచింది.

"రేపు డాక్టరు దగ్గరికి నువ్వు కూడా రా" అంది చివరికి. "వాడి సంగతులు అడిగితే నాకన్నా నువ్వే బాగా చెప్తావు. ఈ ఆగడమేదో సాయంత్రం నాకూ, వాళ్ళ నాన్నకీ చూపించు."

"అలాగేనండి." పెద్దక్క అప్పుడు చేతులు బయటికి తీసింది. తిమ్మిరెక్కి ఉన్నాయి. "అమ్మగారూ, నాదీ ఒక మాట. లిఫ్టులో పాపాయి వాళ్ళమ్మ కనిపిస్తే, ఈ పిల్ల రోజుకోసారి పాపాయిని నా దగ్గర రెండు నిమిషాలు ఉంచొచ్చని చెప్పించండి."

"దేనికి?"

"బాత్రూంకి పోవడానికండి. పదమూడు నెలలుగా నీళ్ళు మానుకుని కూర్చుంటోంది."

ఆమె కాలేజీని చూసింది, గులాబీ రంగు సీసాను చూసింది. "ఇవాళే చెప్తాను" అంది.

డాక్టరు చెవులు చూశాడు, బొమ్మలు చూపించాడు, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. బుడ్డోడు ఆయన చేతిలో టార్చిలైటు చూసి ఏమన్నాడో వేరే చెప్పక్కర్లేదు. ఆయన నవ్వి ఇచ్చేశాడు.

శుక్రవారం పొద్దున బెంచీ మీద నలుగురు కూర్చున్నారు. కాలేజీ టీ తాగింది, సీసాలో సగం తాగింది. పదకొండు కావస్తుండగా ఆ పిల్ల ఒక కాలి మీద ఇంకో కాలు వేసింది. కాసేపటికి మోకాలు ఆడించింది. పెద్దక్క ఓరకంట చూసింది. వెళ్ళు, నేను చూస్తానులే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పాపాయి కోసం చెయ్యి కూడా లేచింది. లేచిన చేతిని పట్టుకెళ్ళి తొడ కింద పెట్టుకుంది. రెండోది కూడా పెట్టుకుంది. ఇసుకలో ఆడుకుంటున్న బుడ్డోడి వైపు చూస్తూ, లోపల లెక్క మొదలుపెట్టింది.

కాలేజీ అటు చూసింది, ఇటు చూసింది. నోరు తెరిచి మూసింది. ఏడు దగ్గర మళ్ళీ తెరిచింది.

"పెద్దక్కా, మా పాపని ఓ కంట చూస్తావా?"

అండీ లేదు, మీరూ లేదు.

"చూడక ఏం చేస్తాను, ఇటివ్వు" అని పెద్దక్క పాపాయిని ఒళ్ళోకి లాక్కుంది. "ఇంకా మూడు మిగిలాయి."

ఏం మూడు మిగిలాయో కాలేజీకి అర్థం కాలేదు. ఆగి అడిగే తీరిక లేదు. అవతలి గేటు వైపు పరుగెత్తింది.